కొండ అవతలి గొంతు రిపీటర్‌కు ఎలా చేరుతుంది?

(ఔత్సాహిక రేడియో, అంటే హ్యామ్ రేడియో మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో లైసెన్స్ తీసుకుని ఏళ్లు గడిచినవాళ్లు ఉన్నారు, ఆ లైసెన్స్ కోసం రాసే ఏఎస్ఓసీ పరీక్షకు ఇప్పుడిప్పుడే చదువుకుంటున్న పిల్లలూ ఉన్నారు. అందుకని మొదట రెండు మాటలు తేలిగ్గా చెప్పి, తర్వాత అసలు సంగతిలోకి వెళ్తాను.

రిపీటర్ అంటే ఎత్తయిన చోట పెట్టిన ఒక రిసీవర్, ఒక ట్రాన్స్‌మిటర్. 145.000 మెగాహెర్ట్జ్ మీద వింటుంది, విన్నది విన్నట్టు అదే క్షణంలో 145.600 మీద పలుకుతుంది. చేతిలో 5 వాట్ల హ్యాండీ (చేతి రేడియో) ఉన్న మనిషి గొంతు ఊరి పొలిమేర దాటకపోవచ్చు. కొండ మీద రిపీటర్ దాన్ని అందుకుందంటే యాభై, అరవై కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది.

చిక్కల్లా ఆ అందుకోవడం దగ్గరే ఉంది. రిపీటర్ 50 వాట్లతో మాట్లాడుతుంటే మనం 5 వాట్లతో మాట్లాడతాం. అంటే పదింతలు, డెసిబెల్ లెక్కలో 10 డెసిబెల్స్ తేడా. పైగా దాని యాంటెన్నా టవర్ మీద, మనది తల పక్కన, అదీ పొట్టి రబ్బరు యాంటెన్నా. అందుకే చాలా ఊళ్లలో ఒకటే ఫిర్యాదు వింటాం: "రిపీటర్ నాకు బ్రహ్మాండంగా వినిపిస్తోంది, నేను మాత్రం దానికి వినిపించడం లేదు." ఇది విని కొందరు రిపీటర్ పవర్ పెంచేస్తారు. దాంతో రిపీటర్‌ను వినగలిగి, దానికి వినిపించలేని వాళ్ల సంఖ్య ఇంకా పెరుగుతుంది. పెంచాల్సింది దాని చెవులు.

ఉదాహరణకు మన ఉత్తరాంధ్రనే తీసుకోండి. విశాఖ వైపు కొండ మీద ఒక రిపీటర్ ఉందనుకుందాం. అనంతగిరి కొండలకు అవతల అరకు లోయ. లోయలో ఉన్నవాడి హ్యాండీకి, సముద్రం వైపు ఉన్న రిపీటర్‌కు మధ్య తూర్పు కనుమలు అడ్డం. రిపీటర్ వాడే వీహెచ్ఎఫ్ తరంగం అంత మందం కొండను దాటి రాదు. కానీ గాలికొండ లాంటి ఎత్తు మీద ఒక రిసీవర్ పెడితే అది లోయలోకి తొంగిచూస్తుంది. అక్కడ విన్నదాన్ని యూహెచ్ఎఫ్ అనే ఇంకా పై ఫ్రీక్వెన్సీ మీద విశాఖ వైపు పంపిస్తే, రిపీటర్‌కు కొండ అవతల ఇంకో చెవి మొలిచినట్టే. దీన్నే రిమోట్ రిసీవర్ అంటాం. లోయవాళ్లు వినడానికి కూడా ఇబ్బంది పడుతుంటే అక్కడే ఇంకో పూర్తి రిపీటర్ పెట్టి రెండింటినీ రెండు వైపులా లింక్ చేయాలి. దానికి ఖర్చు, కరెంటు, అనుమతులు అన్నీ రెట్టింపు. నా అభిప్రాయం అడిగితే, ముందు రిసీవర్ ఒక్కటీ పెట్టి చూడమంటాను. చాలా చోట్ల దాంతోనే పని అయిపోతుంది.

ఇప్పుడు ఈ సాయంత్రం నేను గట్టిగా చెప్పదలచుకున్న ఒక్క విషయం. లింక్ మీద రెండు వెళ్తాయి. ఒకటి గొంతు. రెండోది, "ఇప్పుడు అక్కడ నిజంగా ఒక మనిషి మాట్లాడుతున్నాడు" అన్న కబురు. గొంతును చేర్చడం కష్టమేమీ కాదు, రెండు రేడియోలు, రెండు యాగీలు (ఒకే దిక్కుకు గురిపెట్టే యాంటెన్నాలు) చాలు. ఆ కబురును అబద్ధం లేకుండా చేర్చడమే అసలు పని. లింక్ సిస్టమ్‌లు పాడవడం నేను చూసినంతలో చాలావరకు ఈ రెండో దగ్గరే పాడవుతాయి.

ముందు రేడియో మార్గం సంగతి తొందరగా ముగించేస్తాను, ఎందుకంటే అక్కడ భయపడాల్సింది తక్కువ. రెండు కొండల మధ్య 65 కిలోమీటర్లు అనుకోండి, ఫ్రీక్వెన్సీ 435 దగ్గర. ఖాళీ ఆకాశంలో నష్టం సుమారు 121.5 డెసిబెల్స్. 5 వాట్లు, అంటే 37 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్స్). రెండు చివర్లా 10 డీబీఐ గెయిన్ ఉన్న యాగీలు, కేబుల్‌లో చెరో 2 డెసిబెల్స్ పోయాయనుకుందాం. అవతల మైనస్ 68 డీబీఎంకు కాస్త అటూ ఇటూగా అందుతుంది. మామూలు రిసీవర్ మైనస్ 120 దాకా వింటుంది. యాభై డెసిబెల్స్ పైన మిగులు. అంటే 1 వాట్ పెట్టినా చాలు.

కానీ ఈ లెక్క మధ్యలో ఏ అడ్డమూ లేకపోతేనే. కంటికి అవతలి కొండ కనిపిస్తే చాలదు. ఈ దూరానికి నడిమధ్యలో ఫ్రెనెల్ జోన్ (తరంగం సాగడానికి చూపు గీత చుట్టూ కావాల్సిన చోటు) వ్యాసార్ధం సుమారు 106 మీటర్లు. అందులో 60 శాతం, అంటే 64 మీటర్ల మేర ఖాళీ ఉండాలి. దానికి తోడు భూమి గుండ్రంగా ఉండటం వల్ల మధ్యలో నేల 62 మీటర్లు ఉబ్బినట్టు లెక్క. ఈ రెండూ కలిపి మ్యాప్ మీద ఎత్తులు చూసుకున్నాకే కొండ ఎక్కండి. నడుమ కొండ ఒక్కటి అడ్డొచ్చినా ఆ యాభై డెసిబెల్స్ మిగులు ఆవిరైపోతుంది.

ఫ్రీక్వెన్సీ ఎంపిక దగ్గర కాసేపు ఆగాలి. మన దేశంలో 70 సెంటీమీటర్ల బ్యాండ్ 434 నుంచి 438 వరకే. అందులో 435 నుంచి 438 దాకా ప్రపంచమంతా ఔత్సాహిక ఉపగ్రహాలకు వాడుకుంటుంది. కొండ మీద నుంచి అక్కడ లింక్ క్యారియర్ (గొంతును మోసుకెళ్లే రేడియో తరంగం) వదిలితే ఉపగ్రహం తల మీదుగా వెళ్లే పాస్ కోసం యాంటెన్నా పట్టుకుని నిలబడ్డ కుర్రాడి చెవిలో పడతాం. కాబట్టి మనకు మిగిలింది 434, 435 మధ్య ఉన్న ఒక్క మెగాహెర్ట్జ్. ఇంకో కారణం కూడా ఉంది. రిపీటర్ 145.600 మీద పలుకుతోంది కదా, దాన్ని మూడుతో గుణించండి: 436.800. రిపీటర్ ట్రాన్స్‌మిటర్ మూడో హార్మోనిక్ సరిగ్గా మన యూహెచ్ఎఫ్ బ్యాండ్‌లోనే పడుతుంది. పక్కనే ఉన్న లింక్ రిసీవర్‌ను అది చెవిటిదాన్ని చేస్తుంది. హార్మోనిక్‌తో పాటు డీవియేషన్ (గొంతుకు తగ్గట్టు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) కూడా మూడింతలవుతుంది, 5 కిలోహెర్ట్జ్ కాస్తా 15 అవుతుంది. అంటే అది ఒక్క చానల్‌తో ఆగదు, పక్క చానళ్లకూ పాకుతుంది. లింక్‌ను 434.5 చుట్టుపక్కల పెట్టి, రిపీటర్ అవుట్‌పుట్‌లో ఒక లో-పాస్ ఫిల్టర్, లింక్ రిసీవర్ ముందు ఒక క్యావిటీ ఫిల్టర్ పెట్టండి. ఇవన్నీ కాగితం మీద కలిశాక రేడియో లైసెన్సులిచ్చే కేంద్ర విభాగం డబ్ల్యూపీసీ అనుమతి సంగతి చూసుకోండి. అనుమతి లేకుండా టెస్టింగ్ పేరుతో కూడా కొండ మీద క్యారియర్ వేయొద్దు.

సరే, కబురు సంగతికి వద్దాం.

గాలికొండ మీద రిసీవర్ స్క్వెల్చ్, అంటే సిగ్నల్ లేనప్పుడు రొదను ఆపే తలుపు, తెరుచుకుంది. అది మనిషి గొంతుకే తెరుచుకుందని నమ్మకం ఏమిటి? దగ్గర్లో హైటెన్షన్ లైన్ ఇన్సులేటర్ వానకు తడిసి చిటపటలాడినా తెరుచుకోవచ్చు, చౌకబారు ఎల్ఈడీ దీపం వల్లా తెరుచుకోవచ్చు. ఆ రొదను లింక్ నమ్మి విశాఖకు పంపితే, రిపీటర్ దాన్ని 50 వాట్లతో ఊరంతా చాటుతుంది. అందుకే మాట్లాడేవాడి రేడియో నుంచి సీటీసీఎస్ఎస్ టోన్ అడుగుతాం, అదే చెవికి దాదాపు వినిపించని ఆ సన్నటి హమ్. క్యారియర్ ఉండాలి, టోన్ ఉండాలి. రెండూ ఉన్నప్పుడే రిమోట్ లింక్ ట్రాన్స్‌మిటర్ లేవాలి. అది లేచినప్పుడు తనకంటూ వేరే టోన్ వేసుకోవాలి. యూజర్ టోన్‌ను అలాగే అవతలికి సాగనివ్వకూడదు. విశాఖలో లింక్ రిసీవర్ ఆ లింక్ టోన్ వినిపిస్తేనే తలుపు తీస్తుంది.

టోన్ ఎంచుకునేటప్పుడు మన దేశంలో ఒక జాగ్రత్త తీసుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. రెక్టిఫై చేసిన పవర్ సప్లై నుంచి వచ్చే హమ్ 100 హెర్ట్జ్. టోన్ల జాబితాలో 100.0 ఉంది, గుర్తుపెట్టుకోవడం తేలికని చాలామంది అదే పెట్టేస్తారు. కెపాసిటర్ ముసలిదైన రోజున ఆ హమ్ వల్ల డీకోడర్ తికమకపడుతుంది. లింక్‌కు మాత్రం 100.0 వద్దు.

టోన్ వల్ల ఒక నష్టం ఉంది. డీకోడర్ టోన్‌ను గుర్తుపట్టడానికి పావు సెకను వరకు పడుతుంది. టోన్ ఎంత తక్కువదైతే అంత ఆలస్యం. యూజర్ టోన్ రిమోట్‌లో ఒకసారి, లింక్ టోన్ రిపీటర్‌లో ఇంకోసారి. రెండూ కలిసి అర సెకను మింగేస్తే, మనవాడు "వీయూ టూ" అని మొదలుపెట్టిన స్టేషన్ గుర్తు, అంటే కాల్‌సైన్ అవతల "టూ" నుంచే వినిపిస్తుంది. మూడు, నాలుగు లింకులు వరసగా ఉంటే కాల్‌సైన్ మొత్తం పోతుంది. పీటీటీ, అంటే మాట్లాడే మీట, నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడమని అందరికీ నేర్పాలి. నేర్పినా తుఫాను రోజున కంగారులో ఉన్న మనిషి ఆగడు. "రోడ్డు తెగింది" అన్న మాటలో "రోడ్డు" పోతే ఏం తెగిందో తెలియదు. కాబట్టి ఇది సిస్టమ్ కట్టేవాడు పట్టించుకోవాల్సిన విషయం, మాట్లాడేవాడి మీద వదిలేయకూడదు.

దీనికి పాతకాలం నుంచీ ఒక మంచి ఉపాయం ఉంది. లింక్ ట్రాన్స్‌మిటర్‌ను ఎప్పుడూ వేసే ఉంచడం. ఎవరూ మాట్లాడనప్పుడు దాని మీద ఒక స్టేటస్ టోన్ పోతూ ఉంటుంది. మోటొరోలా వాళ్లు 2175 హెర్ట్జ్ వాడారు, జీఈ వాళ్లు 1950. ఎవరైనా మాట్లాడగానే ఆ టోన్ ఆగి గొంతు వస్తుంది. విశాఖలో కంట్రోలర్‌కు మూడు స్థితులు స్పష్టంగా తెలుస్తాయి. టోన్ వినిపిస్తోందంటే లింక్ బాగుంది, ఎవరూ లేరు. టోన్ ఆగి క్యారియర్ ఉందంటే మనిషి ఉన్నాడు. క్యారియరే లేదంటే లింక్ పోయింది. ఈ మూడోదాన్ని మిగతా పద్ధతులు చెప్పలేవు. మామూలు లింక్‌లో నిశ్శబ్దం అంటే లోయలో అందరూ క్షేమంగా ఉన్నారో, బ్యాటరీ చచ్చిపోయిందో తెలియదు. కరెంటు ఉన్న చోట నేను ఎప్పుడూ ఈ పద్ధతే పెట్టమంటాను. సోలార్ మీద నడిచే చోట ఇది కుదరదు, అక్కడ ఆ అర సెకనును తగ్గించుకునే దారులు చూసుకోవాలి. లింక్‌కు ఎక్కువ హెర్ట్జ్ ఉన్న టోన్ పెట్టడం అందులో మొదటిది.

మాట మొదలు గురించి చెప్పాను, ఇప్పుడు మాట ముగింపు. మనవాడు పీటీటీ వదిలాడు. రిమోట్ రిసీవర్‌కు క్యారియర్ పోయిందని తెలియడానికి కొంత సమయం పడుతుంది, ఆ లోపు "ష్‌ష్" మని ఒక రొద లింక్ ఎక్కుతుంది. తర్వాత లింక్ ట్రాన్స్‌మిటర్ ఆగుతుంది, అప్పుడు విశాఖ రిసీవర్ ఇంకో "ష్‌ష్" వేస్తుంది. రిపీటర్ మీద వినేవాడికి ప్రతి మాట చివరా ఈ రెండు రొదలు. గంటసేపు నెట్ (రేడియో మీద అందరూ కలిసి మాట్లాడుకునే సమావేశం) నడిస్తే తలనొప్పి వస్తుంది, రేడియో కట్టేసి వెళ్లిపోతారు. మందు రెండు భాగాలు. రిమోట్‌లో ఆడియోను ఒక డిలే లైన్ గుండా పంపి, వంద మిల్లీసెకన్లు ఆలస్యం చేసి, స్క్వెల్చ్ మూతపడగానే ఆడియో కత్తిరించండి. రొద డిలే లైన్‌లో ఉండగానే దారి మూసుకుపోతుంది. ఇక రెండోది, లింక్ ట్రాన్స్‌మిటర్ ఆగేముందు దాని టోన్‌ను ఆపేయండి, క్యారియర్‌ను ఇంకో పావు సెకను ఉంచండి. అవతలి డీకోడర్ టోన్ పోవడం చూసి, నిశ్శబ్దంగా ఉన్న క్యారియర్ మీదే తలుపు మూసేస్తుంది.

ఇంకా పెద్ద ప్రమాదం రెండు రిపీటర్లను లింక్ చేసినప్పుడు వస్తుంది. ప్రతి రిపీటర్ మనిషి ఆపాక కూడా రెండు, మూడు సెకన్లు క్యారియర్ ఉంచుతుంది, దాన్నే హ్యాంగ్ టైమ్ అంటాం. ఎవరో తెలియక లింక్ ట్రాన్స్‌మిటర్‌ను రిపీటర్ పీటీటీకి కలిపేస్తారు. అప్పుడు విశాఖ రిపీటర్ హ్యాంగ్ టైమ్ అరకును లేపుతుంది, అరకు హ్యాంగ్ టైమ్ విశాఖను లేపుతుంది. మనిషన్నవాడు ఎవరూ లేకుండా రెండూ తెల్లవార్లూ ఒకదాన్నొకటి లేపుకుంటూనే ఉంటాయి. పొద్దున్నకి ఫైనల్ ట్రాన్సిస్టర్లు కాలిపోయి ఉంటాయి. అందుకే ఇది రాసిపెట్టుకోండి: లింక్‌ను లేపాల్సింది రిసీవర్ చెప్పే సీఓఎస్ (క్యారియర్ అందుతోందన్న సంకేతం) మాత్రమే. రిపీటర్ హ్యాంగ్ టైమ్, కాల్‌సైన్ ప్రకటన, మాట అయిందని చెప్పే కర్టసీ బీప్, ఇవేవీ లింక్ ఎక్కకూడదు.

ఒకటికి మించి చెవులు ఉంటే వోటర్ కావాలి. మనిషి కొండ దారిలో కారులో వెళ్తూ మాట్లాడుతుంటే కాసేపు విశాఖ రిసీవర్‌కు బాగా అందుతాడు, మలుపు తిరగ్గానే గాలికొండకు బాగా అందుతాడు. వోటర్ రెండింటినీ వింటూ, గొంతు పైనున్న ఫ్రీక్వెన్సీల్లో ఎవరి దగ్గర రొద తక్కువ ఉందో చూసి ఆ రిసీవర్‌ను ఎంచుకుంటుంది. మాట మధ్యలోనే మారుస్తుంది, వినేవాడికి తెలియదు. ఇది సవ్యంగా పనిచేయాలంటే లింక్ తనంతట తాను ఏ రొదా కలపకూడదు. లింకే బలహీనంగా ఉంటే, లోయలో మనిషి ఎంత స్పష్టంగా మాట్లాడినా వోటర్‌కు రొదే కనిపిస్తుంది, అతన్ని పక్కన పెట్టేస్తుంది. మొదట చెప్పిన యాభై డెసిబెల్స్ మిగులు దుబారాగా అనిపించి ఉంటే, అది ఇక్కడ అక్కరకొస్తుంది.

రెండు దారుల ఆడియో ఒకేలా ఉండాలి కూడా. ఎఫ్ఎంలో పంపేటప్పుడు పై ఫ్రీక్వెన్సీలను ఎత్తి పంపుతాం, విన్నప్పుడు అంతే దించుతాం. రిసీవర్ డిస్క్రిమినేటర్ (తరంగం నుంచి గొంతును విడదీసే భాగం, దించడం దీని తర్వాతే) నుంచి నేరుగా తీసిన ఆడియోను తీసుకెళ్లి లింక్ రేడియో మైక్ ఇన్‌పుట్‌లో పెడితే, ఎత్తినదాన్ని మళ్లీ ఎత్తినట్టు. పోపు రెండుసార్లు పెట్టిన కూరలా గొంతు ఘాటెక్కిపోతుంది. డిస్క్రిమినేటర్ నుంచి తీస్తే నేరుగా మాడ్యులేటర్‌కు ఇవ్వండి, స్పీకర్ వైపు నుంచి తీస్తే మైక్‌కు ఇవ్వండి. ఒక్క చోట తప్పితే సర్దుకోవచ్చు, మూడు లింకుల్లో తప్పితే మాట అర్థం కాదు.

డీవియేషన్ కొలవడానికి ఖరీదైన మీటర్ లేదని బాధపడకండి. 1247 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, కంప్యూటర్‌కు తగిలించే, చౌకగా దొరికే ఎస్‌డీఆర్ డాంగిల్‌లో స్పెక్ట్రమ్ చూస్తూ టోన్ స్థాయిని సున్నా నుంచి మెల్లగా పెంచండి. సీటీసీఎస్ఎస్ మాత్రం ఆపి ఉంచండి. నడుమ నిలువుగా ఉన్న క్యారియర్ గీత తగ్గుతూ తగ్గుతూ ఒక చోట పూర్తిగా మాయమవుతుంది, పక్కన గీతలు మాత్రం ఉంటాయి. అది మొదటిసారి మాయమైన చోట డీవియేషన్ కచ్చితంగా 3 కిలోహెర్ట్జ్. బెస్సెల్ ఫంక్షన్ గణితం అది. చదువుకునే పిల్లలు ఒకసారి కళ్లారా చూడండి, పుస్తకంలో ఉన్న ఆ సూత్రం ఇక మర్చిపోరు.

చివరగా కంట్రోల్. కొండ మీద ట్రాన్స్‌మిటర్ ఇరుక్కుపోయి ఆగకుండా వేస్తోందనుకోండి. అమెరికా నిబంధనల్లో దీనికి సూటిగా ఒక షరతు ఉంది: కంట్రోల్ లింక్ పాడైతే స్టేషన్ మూడు నిమిషాలకు మించి ప్రసారం చేయకుండా ఏర్పాటు ఉండాలి. ఏ దేశంలో ఉన్నా పాటించదగ్గ షరతు. రిమోట్‌లో సొంత టైమర్ పెట్టండి, అది కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో కాకుండా విడి సర్క్యూట్‌గా ఉండాలి. ఆపమని ఫోన్ మీటల టోన్లతో చెప్పే డీటీఎంఎఫ్ ఆదేశాన్ని వినడానికి వేరే ఫ్రీక్వెన్సీ మీద చిన్న రిసీవర్ ఉండాలి. ఇరుక్కున్న లింక్‌కు దాని మీదే ఆదేశం ఇవ్వలేం కదా.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

"ఇంటర్నెట్‌తో లింక్ చేసుకుంటే ఇదంతా ఎందుకు?"

మంచి ప్రశ్న. కెనడాలో డేవ్ కామెరాన్ 1997లో, రిపీటర్లను ఇంటర్నెట్ మీద కలిపే ఐఆర్ఎల్‌పీ మొదలుపెట్టారు. 2002లో ఎకోలింక్ వచ్చింది. జిమ్ డిక్సన్ ఆస్టరిస్క్ అనే టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ మీద ఆల్‌స్టార్ కట్టారు. రిమోట్ రిసీవర్ల కోసం అందులో వోటర్ కూడా ఉంది. ఇంటర్నెట్‌లో ఒక్కో ప్యాకెట్ ఒక్కో వేళకు చేరుతుంది కాబట్టి, ప్రతి రిసీవర్ దగ్గరా జీపీఎస్ గడియారం పెట్టి, గొంతు ముక్కలకు సమయం ముద్ర వేసి, అవతల వరసలో పేర్చి ఎంచుకుంటారు. చాలా గొప్ప పని. దూరదేశాలను కలపడానికి దాన్ని మించింది లేదు. మన దగ్గర పెట్టేముందు నిబంధనలు ఏమి ఒప్పుకుంటాయో చూసుకోండి. కానీ నేను అడిగేది ఒకటే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, రోజుల తరబడి. ఆ రోజు పనికొచ్చే లింక్ ఏది? రెండు కొండల మధ్య మన సొంత యూహెచ్ఎఫ్ దారికి మూడో మనిషి ఫైబర్‌తో పని లేదు. ఇంటర్నెట్‌ను అదనంగా పెట్టుకోండి, దాని మీదే ఆధారపడకండి.

"సోలార్‌తో నడపాలంటే ఎంత బ్యాటరీ కావాలి సార్?"

లెక్క వేద్దాం. రిసీవర్, కంట్రోలర్, కంట్రోల్ రిసీవర్ కలిపి 0.4 ఆంపియర్ అనుకోండి, రోజంతా నడవాలి. 24 గంటలకు 9.6 ఏహెచ్. లింక్ ట్రాన్స్‌మిటర్ తక్కువ పవర్ మీద 1.5 ఆంపియర్, రోజుకు రెండు గంటలు మాట్లాడితే 3 ఏహెచ్. చూడండి, మాట్లాడటం కంటే వినడానికే మూడింతలు పోతోంది. అందుకే రిసీవర్ ఎంచుకునేటప్పుడు అది ఖాళీగా ఉన్నప్పుడు ఎంత తాగుతుందో మీటర్ పెట్టి కొలవండి, డిస్‌ప్లే దీపం తీసేయండి. మొత్తం రోజుకు సుమారు 13 ఏహెచ్. తుఫాను ముసురు పట్టి అయిదు రోజులు ఎండ లేకపోతే 65. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 130. బజార్లో దొరికే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఒకటి, 100 వాట్ల ప్యానెల్ ఒకటి సరిపోతాయి. ప్యానెల్‌ను గాలికి ఎగిరిపోకుండా బిగించండి, యాంటెన్నా కేబుల్ లోపలికి వచ్చే చోట సర్జ్ అరెస్టర్ పెట్టి మంచి ఎర్త్ ఇవ్వండి. బ్యాటరీ వోల్టేజీని గంటకోసారి మోర్స్‌లో పంపేలా కంట్రోలర్‌కు చెప్పండి. 11.8 అని వినిపించిన రోజు కొండ ఎక్కే ఏర్పాట్లు మొదలుపెట్టాలి.